యూరోపా మీద "భూమిలాగే ప్లేట్ టెక్టానిక్స్" అని రాసే ముందు

గురుగ్రహపు ఉపగ్రహం యూరోపా మీద కూడా భూమిలాగే ప్లేట్ టెక్టానిక్స్ (పై పెంకు పలకలుగా విడిపోయి కదలడం, ఒకదాని కిందికి ఒకటి దిగడం) ఉందని తేలిపోయిందట. ఏ సైన్స్ పేజీ తెరిచినా ఇదే మాట. తేలలేదండీ. దీని వెనకున్న పని చాలా గొప్పది, దాన్ని ఇలా పలచన చేస్తుంటే బాధేస్తుంది.

యూరోపాని కప్పిన మంచు పెంకులో పగుళ్లు ఉన్న మాట నిజమే. 85 గంటలకో చుట్టు తిరుగుతూ, గురుడికి కాస్త దగ్గరగా, కాస్త దూరంగా జరుగుతుంటే ఆ మంచు పెంకు సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది. 2014లో కాటెన్‌హార్న్, ప్రాక్టర్ అనే శాస్త్రవేత్తలు నాసా గెలీలియో నౌక తీసిన ఫొటోల్లో ఒక ప్రాంతాన్ని పగుళ్ల వెంట పలకలుగా విడగొట్టి, కదలికలను చివరి నుంచి ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పారు. ఏ గీత దేన్ని కోసిందో చూస్తే వరస తెలుస్తుంది: కోసింది కొత్తది, తెగింది పాతది. విచ్చుకున్న పట్టీని మూసేస్తే అటూ ఇటూ తెగిన పాత గట్లు కలవాలి. పక్కకి జారిన చోట జారినంతా వెనక్కి జరపాలి. అన్నీ అతికించాక సుమారు 20,000 చదరపు కిలోమీటర్ల నేల లెక్కకి రాలేదు. అది కింది మంచులోకి దిగిపోయిందని వాళ్ల ప్రతిపాదన.

అసలు చిక్కంతా ఆ దిగడం దగ్గరే. భూమి మీద సముద్రపు పలక చల్లబడి, బరువెక్కి, కిందున్న వేడి రాతి పొర మాంటిల్‌లోకి దిగుతుంది. యూరోపాలో పైనా మంచే, కిందా మంచే. పైది భూమధ్యరేఖ దగ్గర కూడా −160 డిగ్రీల చలిలో ఉంటుంది కాబట్టి కొంచెం బరువే. కానీ అందులో రంధ్రాలుంటే ఆ తేడా కాస్తా పోతుంది, దిగేకొద్దీ వేడెక్కి ఇంకా తేలికవుతుంది. ఉప్పు తగినంత కలిసి ఉంటేనే లోతుకి దిగగలదని 2017లో వేసిన లెక్కలు చెప్పాయి. 2022లో కోలిన్స్ బృందం మరికొన్ని చోట్ల పలకల కదలిక చూపించింది. అయితే అది ముక్కలు ముక్కలుగా, కొంతకాలం జరిగి ఆగిపోయినట్టుంది తప్ప గోళమంతా ఎడతెగకుండా సాగినట్టు లేదు.

ఇక ఫొటోల సంగతి. గొడుగులా విచ్చుకోవాల్సిన గెలీలియో ప్రధాన యాంటెన్నా 1991లో విచ్చుకోలేదు. సెకనుకి 1,34,000 బిట్లు పంపాల్సింది, ఎన్ని సర్దుబాట్లు చేసినా 160 దగ్గరే ఆగింది. అందుకే వివరంగా చూసిన నేల చాలా తక్కువ, మిగతా చాలా చోట్ల ఒక్కో పిక్సెల్‌ కిలోమీటరుకి అటూ ఇటూ. పైగా సూర్యుడు వాలుగా ఉన్నప్పుడు తీసిన ఫొటోలో చిన్న గట్టు కూడా నీడతో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నడినెత్తిన ఉంటే అదే గట్టు మాయమై రంగు మాత్రమే మిగులుతుంది. రెండు రకాల ఫొటోలూ కలిపి అతికించిన పటంలో "ఇక్కడ గట్లు లేవు" అనడం ప్రమాదం. యూరోపా ఫొటోల్లో కనిపించే ఎర్రటి గీతలు కూడా చాలావరకు రంగు పెంచి చూపించినవే.

నాసా నౌక యూరోపా క్లిప్పర్ 2030 ఏప్రిల్‌లో గురుగ్రహం చేరుతుంది. పలక దిగిందంటున్న చోట దాని రాడార్‌కి మంచులో ఏటవాలు పొర కనబడుతుందా అన్నది చూడాలి. ఈలోగా పోస్టులు పెట్టేవాళ్లు "ఒక ప్రాంతంలో", "ఆధారాలున్నాయి" అన్న మాటల్ని దయచేసి కత్తిరించకండి.