తల్లిపాల అమ్మకాన్ని ఆపారు సరే, కొరత మాటేమిటి?

తల్లిపాలను శుద్ధి చేసి అమ్మడానికి చట్టంలో అనుమతి లేదని, అలాంటి వ్యాపారానికి లైసెన్సులు ఇవ్వరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2024 మే 24న స్పష్టం చేసింది. నిర్ణయం సరైనదే. పాలకు ధర పలికితే ముందుగా అమ్ముకునేది అవసరంలో ఉన్న బాలింతే, ముందుగా తరిగేది ఆమె సొంత బిడ్డ వాటాయే. పైగా కొలతకు డబ్బు ముడిపడిన చోట నీళ్లు కలుస్తాయన్నది పాడి ఉన్న ఏ ఊరికీ కొత్త సంగతి కాదు.

అయితే నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఆ పాలు ఔషధంతో సమానం. పోతపాలతో పెరిగే అలాంటి పసికందుల్లో పేగుల గోడలు వాచి కుళ్లిపోయే ప్రాణాంతక వ్యాధి ముప్పు ఎక్కువ. అందుకే మొదట సొంత తల్లి పాలు, అవి చాలకపోతే దాతల పాలు, అవీ దొరకనప్పుడే డబ్బా పాలు అన్న వరుసను వైద్యులు పాటిస్తారు. ఇతర తల్లులు దానం చేసిన పాలను సేకరించి భద్రపరిచే పాల బ్యాంకుల్లో దాతలకు హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి, సిఫిలిస్ పరీక్షలు చేస్తారు. సేకరించిన పాలను 62.5 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు వేడి చేసి, వెంటనే చల్లార్చి, సూక్ష్మజీవులు లేవని తేల్చుకున్నాకే బిడ్డలకు ఇస్తారు. ఆ వేడికి వైరస్‌లతో పాటు కొంత రోగనిరోధక శక్తి, కొవ్వును జీర్ణం చేసే ఎంజైమ్ కూడా పోతాయి. ఇరుగుపొరుగు నుంచో, వాట్సాప్ పరిచయంతోనో తెచ్చుకున్న పాలకు ఈ వడపోత ఏదీ ఉండదు కాబట్టి, మంచి మనసుతో ఇచ్చినా వాటిని సురక్షితమనలేం.

ముంబయి సయన్ ఆసుపత్రిలో 1989లోనే పాల బ్యాంకు మొదలైంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇలాంటి కేంద్రాలకు కేంద్ర ప్రభుత్వం 2017లో మార్గదర్శకాలు ఇచ్చింది, హైదరాబాద్ నీలోఫర్‌లోనూ బ్యాంకు వచ్చింది. కానీ నెలలు నిండని కాన్పులు జిల్లా కేంద్రాల్లోనూ జరుగుతాయి. అమ్మకాన్ని ఆపిన ప్రభుత్వం అక్కడి బిడ్డకు ఉచితంగా పాలు అందే దారి చూపకపోతే, ఆ కుటుంబానికి మిగిలేది డబ్బా పాలే.

బ్యాంకులు పెంచినంత మాత్రాన కొరత తీరదని కూడా నా అభిప్రాయం. అది మొదలయ్యేది కాన్పు గదిలోనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగినా, పుట్టిన గంటలోపు తల్లిపాలు తాగిన పిల్లలు 41.8 శాతమే. తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు. కోత నొప్పితో కదల్లేని తల్లి పక్కన సాయానికి మనిషి లేకపోతే ముర్రుపాలు అందాల్సిన గంట గడిచిపోతుంది. ఆ తర్వాత ‘పాలు పడలేదు’ అన్న మాట ఆమె మీదికే వస్తుంది. పోతపాల ప్రచారాన్ని 1992 చట్టం నిషేధించింది కానీ, ఈ మాటను ఏ చట్టం ఆపుతుంది?

బిడ్డ నవజాత శిశు విభాగంలో, తల్లి మరో అంతస్తులో, కొన్నిసార్లు మరో ఊళ్లో ఉంటే పాలు తగ్గక ఏమవుతాయి? రెండు మూడు గంటలకోసారి, రాత్రిళ్లు కూడా పాలు పిండితేనే ఊరుతాయి. అందుకు బిడ్డకు దగ్గరలో తల్లికో మంచం, పిండే పద్ధతి చేసి చూపే నర్సు కావాలి. ఎన్ని లీటర్లు సేకరించారన్నది బ్యాంకుల లెక్క. పుట్టిన మూడో రోజుకు ఆ విభాగంలో ఎందరు పిల్లలకు సొంత తల్లి పాలు అందాయో ప్రతి ఆసుపత్రీ నెలనెలా వెల్లడించాలి.