నిమిషంలో తాళం తీసే ఫార్వర్డ్

“పాత ఫైలు పాస్‌వర్డ్ మర్చిపోయారా? పేరు చివర జిప్ అని మార్చండి, లేదంటే ఈ సైట్‌లో అప్‌లోడ్ చేయండి. ఎంత పెద్ద పాస్‌వర్డయినా నిమిషంలో పోతుంది. తెరుచుకున్నాక పాతది డిలీట్ చేయండి.” నల్లగొండలో మా గ్రూపులన్నింట్లో తిరుగుతున్న మెసేజ్ ఇది. మర్రిగూడ వైపు బోరు నీళ్ల ఫ్లోరైడ్ లెక్కలున్న పాత ఎక్సెల్ ఫైళ్లు భద్రం చేసే పనిలో ఉన్నానని నాకే నాలుగుసార్లు పంపారు.

“నిమిషంలో పోతుంది.” కొన్నింటికి నిజమే, జనం నమ్మేదీ అందుకే. షీట్ ప్రొటెక్షన్ ఉన్న ఫైలు తెరుచుకుంటుంది, అంకెలు కనిపిస్తాయి, మార్చబోతే మాత్రం ఒప్పుకోదు. అది గొళ్లెం, తాళం కాదు. 2003 నాటి ఎక్సెల్ ఆ పాస్‌వర్డ్‌ను 16 బిట్ల (అంటే 16 సున్నాలు, ఒకట్ల) గుర్తుగా దాచేది. అంటే 65,536కు మించి రకాలుండవు. అదే గుర్తు వచ్చే ఇంకే మాటైనా పనిచేస్తుంది. 1,94,560 మాటలు వరసగా వేసి చూసే చిన్న మాక్రో (ఎక్సెల్ లోపలే నడిచే ప్రోగ్రాం) ఉంది, సరిపోతుంది.

తెరవడానికే పాస్‌వర్డ్ అడిగే ఫైలు సంగతి వేరు. అప్పటివాటిలో మామూలుగా ఉండేది 40 బిట్ల కీ, అంటే తాళంచెవి లాంటి అంకె. అన్నీ వేసి చూడాలంటే సుమారు 1.1 లక్షల కోట్లు, ఇంటి కంప్యూటర్‌కు నిమిషం పని కాదు. ఆఫీస్ 2010 నుంచి ఒక్కో ప్రయత్నానికే లక్షసార్లు లెక్క కట్టాలి. గట్టి పాస్‌వర్డయితే ఆశ వదులుకోవడమే. మా ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టినాయన రిటైరై దేవరకొండలో ఉంటే ఫోన్ చేశాం. “మా పాత స్కూటర్ నంబరు కొట్టి చూడు బిడ్డా” అన్నారు. తెరుచుకుంది.

“జిప్ అని మార్చండి.” జిప్ అంటే కొన్ని ఫైళ్లను ఒకటిగా కట్టిన మూట. 2003 నాటి ఫైలు అసలు జిప్పే కాదు. కొత్త రకంలోనైనా షీట్ ప్రొటెక్షన్‌కే ఈ కిటుకు.

“అప్‌లోడ్ చేయండి.” మా ఫైల్లో బోర్ల యజమానుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. ముక్కూమొహం తెలియని సర్వర్‌కు ఎలా ఇస్తాం? ప్రింటు, కాపీ మాత్రమే ఆపిన పీడీఎఫ్ అయితే క్యూపీడీఎఫ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మన కంప్యూటర్లోనే విప్పేస్తుంది.

“పాతది డిలీట్ చేయండి.” ఇది అన్నిటికన్నా చెడ్డ సలహా. మేం తెరిచిన షీటును సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన ఉత్తి అక్షరాల ఫైలుగా) మార్చితే అంకెలు బాగానే వచ్చాయి, ఊళ్ల పేర్లన్నీ పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలయ్యాయి. ప్రతి భాష అక్షరానికీ సొంత కోడ్ ఇచ్చే యూనికోడ్‌కు ముందటి, ఇంగ్లిష్ అక్షరాలనే తెలుగు రూపంలో చూపే ఫాంట్‌లో కొట్టినవి మరి! సీఎస్‌వీలో ఫాంట్ పేరు మిగలదు. ఆ ఫాంట్ ఏదో తెలిసింది పాత ఫైలు మళ్లీ తెరిచి, ఊరి పేరున్న గడి మీద క్లిక్ చేస్తేనే.