తుపాకి లేని ఇంటి పిల్లలకు మొదటి పాఠం ఎవరు చెప్తున్నారు?

హైదరాబాద్‌లో మామూలు ఇంట్లో పెరిగిన మనిషికి తుపాకి ఎక్కడ కనిపిస్తుంది? నుమాయిష్‌లో బెలూన్లు పేల్చే స్టాల్ దగ్గర, బ్యాంకు గేటు ముందు స్టూలు మీద కూర్చున్న గార్డు ఒడిలో, ఫంక్షన్ హాల్‌లోకి నాయకుడు నడుస్తుంటే ఆయన వెనక గన్‌మన్ భుజాన. దీపావళికి రీళ్ల తుపాకి సరే సరి. తెలంగాణ పల్లెల నుంచి వచ్చినవాళ్లకైతే పిట్టల దొర చేతిలోని కట్టె తుపాకి కూడా గుర్తుంటుంది. కాలేజీలో ఎన్‌సీసీ చేసినవాళ్లు క్యాంపులో పాయింట్ టూ టూ రైఫిల్‌తో కొన్ని రౌండ్లు కాల్చి ఉంటారు, ఆ తర్వాత జీవితంలో దాన్ని ముట్టుకుని ఉండరు. ఇంటి బీరువాలో తుపాకి ఉండటం, తండ్రి కొడుకుని కూర్చోబెట్టి దాన్ని శుభ్రం చేయడం నేర్పడం లాంటివి మన మధ్యతరగతి ఇళ్లలో లేవు. వేటకు వెళ్లే ఇళ్లు ఒకప్పుడు కొన్ని ఉండేవేమో గానీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ దారి మూసుకుపోయింది.

అయినా ఇవాళ షూటింగ్ ఆట నేర్పే రేంజ్‌లకు వచ్చేవాళ్లలో చాలామంది ఇలాంటి ఇళ్ల నుంచే వస్తున్నారు. ఎనిమిదో తరగతి పిల్లలు, ఇంజనీరింగ్ విద్యార్థులు, హైటెక్ సిటీలో రోజంతా స్క్రీన్ ముందు కూర్చునే ఉద్యోగులు, పిల్లల్ని దింపడానికి వచ్చి రెండో నెలకల్లా తామే టార్గెట్ ఎదురుగా కాల్చే లేన్‌లో నిలబడే తల్లులు. వీళ్ల ఆసక్తి ఎలా మొదలవుతోంది, ఎటు పోతోంది అన్నది పట్టించుకోవాల్సిన విషయమని నేను గట్టిగా నమ్ముతాను. ఇంట్లో ఎవరికీ తుపాకి గురించి ఏమీ తెలియనప్పుడు, బయట ఎవరు ముందు దొరికితే వాళ్లే గురువు అవుతారు.

ఈ ఆసక్తికి పతకాలు ఒక కారణం. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచాక దేశమంతటా షూటింగ్ అనే ఆట ఒకటుందని తెలిసింది. 2012లో లండన్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో (గాలి ఒత్తిడితో పెల్లెట్ అనే చిన్న గుండును కాల్చే తుపాకి) గగన్ నారంగ్ కాంస్యం తెచ్చినప్పుడు అది మన ఊరి విషయం అయింది, ఎందుకంటే ఆయన హైదరాబాద్‌లో పెరిగినవాడు. పారిస్ 2024లో మను భాకర్ ఒకే ఒలింపిక్స్‌లో రెండు కాంస్యాలు తెచ్చాక ఆడపిల్లల తల్లిదండ్రులు కూడా ఈ వైపు చూడటం మొదలుపెట్టారు.

మన హైదరాబాద్ పిస్టల్ షూటర్ ఇషా సింగ్ సంగతే చూడండి. తండ్రి ర్యాలీ డ్రైవర్, ఇంట్లో మోటార్ స్పోర్ట్స్ వాతావరణం. తొమ్మిదేళ్లప్పుడు గచ్చిబౌలిలో రేంజ్ చూసింది, నచ్చింది, అంతే. 2018లో పదమూడేళ్లకే జాతీయ చాంపియన్ అయింది, అదీ మను భాకర్, హీనా సిద్ధు లాంటివాళ్లు ఉన్న పోటీలో. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు గెలిచింది. వినికిడి లోపం ఉన్న మన హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్, నారంగ్ అకాడమీలో నేర్చుకుని, 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచాడు. ఈ ఇద్దరూ ఈ దారిలోకి వచ్చింది ఒక రేంజ్, ఒక కోచ్ అందుబాటులో ఉండబట్టే.

పతకం చూసి వచ్చినవాళ్లందరూ నిలబడరు. మొదటి రోజు నిజానికి నిరాశపరుస్తుంది. తుపాకి పట్టుకుని టకటకా కాల్చేయొచ్చని వచ్చిన కుర్రాడికి ముందు చెప్పేది తుపాకిని కింద ఎలా పెట్టాలో. కాల్చనప్పుడు గొట్టంలో సేఫ్టీ ఫ్లాగ్ ఉండాలి, రంగు తీగ బయటికి కనబడాలి. తుపాకి నోరు ఎప్పుడూ టార్గెట్ వైపే. ముందు ఎవరైనా ఉంటే చెయ్యి ఆయుధం మీదకే పోకూడదు. కోచ్ ‘స్టాప్’ అంటే ఆగాలి, ఒక్క పెల్లెట్ మిగిలినా సరే. తర్వాత నిలబడటం, పాదాల మధ్య దూరం, ఊపిరి, చూపు. ఖాళీ పిస్టల్‌ని చెయ్యి చాచి పట్టుకుని కదలకుండా ఉంచడం, పెల్లెట్ లేకుండానే ట్రిగ్గర్ నొక్కే డ్రై ఫైరింగ్. ఇదంతా వారాల తరబడి సాగుతుంది. ఈ దశలోనే చాలామంది మానేస్తారు, ఫీజు కట్టిన తల్లిదండ్రులు గొణుక్కుంటారు కూడా.

నిలబడినవాళ్లను ఏం పట్టి ఉంచుతుందో బయటి నుంచి చూస్తే అర్థం కాదు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. పోటీలో 60 షాట్లు, 75 నిమిషాలు. ఆ గంటంబావులో గుండె కొట్టుకోవడం కూడా రైఫిల్ చివర్లో కనబడుతుంది, నిన్న రాత్రి నిద్ర సరిగ్గా పోలేదని టార్గెట్ చెప్పేస్తుంది, ఇంట్లో గొడవపడి వచ్చిన రోజున టార్గెట్ మీద పడిన షాట్ల గ్రూపు ఎలా చెదురుతుందో చూసి మనిషి తనకు తానే దొరికిపోతాడు. ఫోన్ పక్కన పెట్టి అంతసేపు ఒకే పని మీద ఉండటం మనలో ఎంతమందికి చేతనవుతుంది? ఐటీ ఉద్యోగులు దీనికి అతుక్కుపోవడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం. అక్కడ శబ్దం, పొగ, వీరత్వం ఏమీ లేవు. ఎయిర్ రైఫిల్ పేలితే వినిపించేది చిన్న ‘టప్’ మాత్రమే.

తుపాకి లేని ఇంటి నుంచి రావడం లోటు అని చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను. భయంతో వచ్చినవాడు జాగ్రత్తగా నేర్చుకుంటాడు. ఇంట్లో తుపాకి చూస్తూ పెరిగినవాడికి అది వస్తువుల్లో ఒక వస్తువు అయిపోయే ప్రమాదం ఉంది. కొత్తవాడికి ప్రతి నియమం కొత్తే, అందుకే గుర్తుంటుంది. మంచి కోచ్ చేతిలో పడితే ఆ భయం జాగ్రత్తగా మారుతుంది. చెడ్డ చోట పడితే తెగింపుగా మారుతుంది. తేడా అంతా ఆ మొదటి కొన్ని గంటల్లోనే ఉంది.

ఆ చెడ్డ చోటు ఏదో దూరాన లేదు, జేబులోనే ఉంది. రీల్స్‌లో నడుముకు పిస్టల్ పెట్టుకుని స్లో మోషన్‌లో నడిచేవాళ్లు, బరాత్‌లో గాల్లోకి కాల్పులు, సినిమాలో వంద రౌండ్లు కాల్చినా చొక్కా నలగని హీరో. దానికి తోడు మన రాజకీయం. గన్‌మన్ ఉంటేనే పెద్దమనిషి అనే లెక్క మన సమాజంలో బలంగా ఉంది, లైసెన్స్ రివాల్వర్ కొందరికి రక్షణ కన్నా హోదా. ఇలా తుపాకిని మొదటిసారి చూసిన కుర్రాడికి అది అధికారం అని మాత్రమే తెలుస్తుంది. చట్టం దీన్ని గట్టిగానే చూస్తుంది. ఆయుధాల చట్టానికి చేసిన 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు ఆయుధాలే అని హద్దు పెట్టారు, వేడుకల్లో నిర్లక్ష్యంగా కాల్పులు జరిపి ఇతరులకు ప్రమాదం తెచ్చిపెడితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కానీ చట్టం తప్పు జరిగాక వస్తుంది. పద్నాలుగేళ్ల పిల్లాడి బుర్రలో తుపాకి అంటే ఏమిటి అన్న బొమ్మ అంతకన్నా చాలా ముందే పడిపోతుంది.

ఇక అమెరికా. ఈ విషయం రాస్తూ అమెరికాని వదిలేయడం హైదరాబాదీకి కుదరదు, మన వీధిలో ప్రతి మూడో ఇంటివాళ్లు అక్కడ ఉన్నారు. అక్కడ తుపాకి ఎక్కువగా ఇంటి నుంచి వచ్చే అలవాటు. అక్కడి పరిశోధన సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ 2017 సర్వేలో గన్ ఓనర్లలో 67 శాతం మంది తాము పెరిగిన ఇంట్లోనే తుపాకి ఉండేదని చెప్పారు. కానీ కరోనా కాలంలో ఒక పెద్ద మార్పు వచ్చింది. 2019 జనవరి నుంచి 2021 ఏప్రిల్ మధ్య దాదాపు 75 లక్షల మంది అమెరికన్లు మొదటిసారి తుపాకి కొన్నారని, వాళ్లలో 54 లక్షల మంది అంతకుముందు తుపాకి లేని ఇళ్లలో ఉన్నవాళ్లేనని ఒక జాతీయ సర్వే అంచనా వేసింది. మొదటిసారి కొన్నవాళ్లలో దాదాపు సగం మంది ఆడవాళ్లు. వేట కోసం కొనే కాలం పోయి, ఆత్మరక్షణ కోసం కొనే కాలం వచ్చింది. ప్యూ 2023 సర్వేలో 72 శాతం మంది ఓనర్లు తమ ముఖ్య కారణాల్లో రక్షణ ఒకటని చెప్పారు. అంటే అక్కడ కొత్తవాళ్లను తుపాకి వైపు నెట్టిన వాటిలో భయానిది పెద్ద పాత్ర.

మనవాళ్లకు ఆ భయం ఊరికే రాలేదు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఓలేథ్‌లో హైదరాబాద్ ఇంజనీర్ శ్రీనివాస్ కూచిభొట్లను జాతి ద్వేషంతో కాల్చి చంపిన రోజు ఈ ఊళ్లో ఎన్ని ఇళ్లలో ఫోన్లు మోగాయో, ఎంతమంది తల్లులు ‘ఇంటికొచ్చెయ్ నాన్నా’ అని ఏడ్చారో తెలిసినవాళ్లకు తెలుసు. అలాంటి వాతావరణంలో డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉండే మన కుర్రాడు వీకెండ్‌కి స్నేహితులతో రేంజ్‌కి వెళ్తే, తర్వాత ఒకటి కొనుక్కుంటే, నేను అతన్ని తప్పు పట్టను. కానీ 2024 నవంబర్‌లో జరిగింది నా మనసులోంచి పోవడం లేదు. హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక విద్యార్థి అట్లాంటాలో తన పుట్టినరోజు నాడే కొత్తగా కొన్న హంటింగ్ గన్‌ని శుభ్రం చేస్తుంటే అది పేలి చనిపోయాడని వార్త వచ్చింది. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు అక్కడ మామూలుగా తుపాకి కొనడానికి వీల్లేదు, హంటింగ్ లైసెన్స్ ఉంటే మాత్రం మినహాయింపు ఉంది. విద్యార్థులు అలా కొనగలుగుతున్నారని కూడా ఆ వార్తతోనే ఇక్కడ చాలామంది తల్లిదండ్రులకు మొదటిసారి తెలిసింది.

ఆ అబ్బాయికి ఎవరు ఏం నేర్పారో దూరం నుంచి నేను తీర్పు చెప్పను. కానీ లైసెన్స్ కాగితం చేతికి రావడం వేరు, శుభ్రం చేసే ముందు తూటా ఉండే ఛాంబర్ తెరిచి కళ్లతో చూసి, వేలితో తడిమి ఖాళీ అని తేల్చుకోవడం చేతికి అలవాటు కావడం వేరు. రెండోది నెలల తరబడి ఎవరో ఒకరు వెనక నిలబడి విసిగిస్తే తప్ప రాదు. గచ్చిబౌలిలో పన్నెండేళ్ల పిల్ల రోజూ ఫ్లాగ్ పెట్టి తీసి, పెట్టి తీసి నేర్చుకునేది అదే.

‘అసలు పిల్లల్ని తుపాకికి దూరంగా ఉంచితే సరిపోతుంది కదా’ అని అడిగే తల్లిదండ్రుల ఆందోళన నాకు అర్థమవుతుంది, అది న్యాయమైనదే. కానీ దూరంగా ఉంచడం ఇక మన చేతుల్లో లేదు. ఆన్‌లైన్ గేమ్‌లో అన్ని రకాల రైఫిళ్ల పేర్లు వాడికి కంఠతా వచ్చు. రేపు చదువుకి వెళ్లే దేశంలో అది సూపర్‌మార్కెట్ పక్క దుకాణంలో దొరుకుతుంది. ఇక్కడ కూడా, 20 జౌల్స్ శక్తి, 4.5 మిల్లీమీటర్ల బోర్ దాటని ఎయిర్ గన్‌కి 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. ఆ వెసులుబాటు వల్లే ఆట పెరిగింది, మంచిదే. అదే వెసులుబాటుతో ఫామ్‌హౌస్‌లో పావురాల మీద, పక్కింటి కుక్క మీద గురి పెట్టేవాళ్లూ తయారయ్యారు. లైసెన్స్ లేదు కాబట్టి బొమ్మ అనుకుంటారు. ఆ పెల్లెట్ కంట్లో తగిలితే కన్ను పోతుంది, చిన్నపిల్లలకు తగలరాని చోట తగిలితే ప్రాణమే పోవచ్చు. కోచ్ లేకుండా ఇంటికి ఎయిర్ గన్ తెప్పించే తండ్రుల మీద నాకు కోపం వస్తుంది, దాచుకోను.

డబ్బు సంగతి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. అంతర్జాతీయ పోటీకి పనికొచ్చే విదేశీ రైఫిల్, బిగుతైన జాకెట్, ట్రౌజర్, బూట్లు అన్నీ కలిపితే లక్షల్లోకి పోతుంది. నారంగ్ కోసం వాళ్ల కుటుంబం స్థలం అమ్మి రైఫిల్ కొన్నదని అప్పట్లో పత్రికలు రాశాయి. మొదటి ఏడాదికి ఇవేవీ అక్కర్లేదు, అకాడమీ తుపాకితో సరిపోతుంది. కానీ ఆ మాట కొత్తగా వచ్చిన తల్లిదండ్రులకు చెప్పేవాళ్లు తక్కువ, అమ్మేవాళ్లు ఎక్కువ. పిల్లని చేర్చే ముందు ఒక గంట మూలన కూర్చుని చూడండి. ఎవరైనా తుపాకి పట్టుకుని వెనక్కి తిరిగితే కోచ్ అరుస్తున్నాడా లేదా? ఫ్లాగులు ఉన్నాయా? కాల్చడం అయిపోయాక ఆయుధాలు ఎక్కడ పెట్టి తాళం వేస్తున్నారు? మూడో నెలలోనే కొత్త పిస్టల్ కొనమంటున్నారా? ఈ నాలుగు చూస్తే ఆ అకాడమీ ఎలాంటిదో తెలిసిపోతుంది, గోడ మీద పతకాల ఫొటోలు చూడక్కర్లేదు.

ప్రభుత్వానికి చెప్పాల్సింది కూడా ఒకటుంది. గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని రేంజ్ జనం సొమ్ముతో కట్టింది. అక్కడ పతకాల దారిలో ఉన్నవాళ్లకు చోటు ఇవ్వాల్సిందే, దాంతోపాటు వారంలో ఒక పూట ఎప్పుడూ తుపాకి ముట్టనివాళ్ల కోసం తక్కువ ఫీజుతో, శిక్షణ ఉన్న కోచ్‌తో తెరవాలి. ప్రభుత్వ స్కూలు పిల్లలు బస్సు దిగి లోపలికి రావాలి. చదువుకి అమెరికా వెళ్లబోయే కుర్రాళ్లు వీసా ఇంటర్వ్యూ టెన్షన్ తీరాక ఒక ఆదివారం అక్కడ కూర్చుని, ఏ ఆయుధమైనా చేతికొచ్చిన క్షణంలో మొదట ఏం చూసుకోవాలో నేర్చుకుని విమానం ఎక్కాలి. దీనికి కొత్త స్టేడియం అక్కర్లేదు, కొన్ని లేన్లు, ఇద్దరు కోచ్‌లు చాలు.