సవరణ: షాతో మార్గోను కొన్నది ఎవరు?

ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో ఉన్న షాతో మార్గో మీద మొన్నటి పోస్టులో, 1977లో ఆ వైన్ ఎస్టేటును ఒక అమెరికన్ కంపెనీ కొని నిలబెట్టిందని ఉంది. నేషనల్ డిస్టిలర్స్ అనే అమెరికన్ కంపెనీ బేరానికి వచ్చిన మాట నిజమే. కానీ ఫ్రెంచి ప్రభుత్వం అడ్డుపడింది. కొన్నది గ్రీసులో పుట్టి, ఫ్రాన్సులో ఫెలిక్స్ పోతాన్ కిరాణా చెయిన్ స్టోర్లు నడిపిన ఆంద్రే మెంజెలోపులోస్. అమ్మింది జినెస్తే కుటుంబం. 1973 తర్వాత బోర్డో వైన్ ధరలు కుప్పకూలి వాళ్లు చితికిపోయారు.

ఆయన పైపై మెరుగులతో సరిపెట్టలేదు. తోటలో నీరు నిలవకుండా కాలవలు బాగుచేయించారు, తీగలు మళ్లీ నాటించారు, కొత్త ఓక్ పీపాలు తెప్పించారు. సలహాకు ఎమిల్ పేనో లాంటి వైన్ తయారీ ఉద్దండుణ్ని పెట్టుకున్నారు. 1978 పంటతోనే పాత పేరు తిరిగొచ్చింది. పాపం, ఆ ఫలితాన్ని ఎక్కువకాలం చూడలేకపోయారు. 1980లో ఆయన పోయాక కూతురు కొరీన్ పగ్గాలు పట్టుకున్నారు. భూగర్భ సెల్లార్ పూర్తయింది ఆవిడ హయాంలోనే.

ఇంకొకటి. ఎస్టేటులో ముందు వరుసగా స్తంభాలున్న ఆ భవనం మధ్యయుగపు కోట కాదు. 19వ శతాబ్దం మొదట్లో లూయీ కోంబ్ అనే ఆర్కిటెక్ట్ డిజైన్‌తో కట్టింది. బోర్డో వైన్లకు శ్రేణులిచ్చిన 1855 వర్గీకరణలో మొదటి శ్రేణి దక్కిందన్న ఆ పోస్టులోని వాక్యం మాత్రం యథాతథం.