జీవో 25 అంటే ఏ జీవో?

ప్రభుత్వ ఉత్తర్వును వెబ్‌సైట్‌లో పెడుతూ ఆ ఫైలుకు ‘జీవో 25’ అని పేరు పెట్టిన ఉద్యోగికి అందులో లోపమేమీ కనిపించదు, ఎందుకంటే ఆ పూట ఆయన ముందున్న జీవో 25 ఒక్కటే. కానీ జీవోల సంఖ్యలు శాఖల వారీగా సాగుతాయి, ఏటా మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి, విధాన నిర్ణయాల ఎంఎస్ వరుస వేరు, రోజువారీ వ్యవహారాల ఆర్టీ వరుస వేరు, 2014 జూన్ 2 నుంచి రాష్ట్రాలు కూడా రెండు. అదే ఫైలు నాలుగు వాట్సాప్ గ్రూపులు దాటి, ఆరు నెలల తరువాత ఒక ఉపాధ్యాయుడి ఫోన్‌లో బయటపడితే, తెరిచి చదివితే తప్ప అది ఏ రాష్ట్రానిదో, ఏ సంవత్సరానిదో తెలియదు. రాష్ట్రం, శాఖ, వరుస, సంఖ్య, తేదీ పేరులోనే ఉంటే ఈ వెతుకులాట ఉండదు.

పేజీకి పెట్టిన శీర్షిక, దాని కింద రాసిన వివరణ, పక్కనున్న పట్టిక అన్నీ వెబ్‌సైట్‌లోనే ఉండిపోతాయి. దించుకున్న ఫైలుతో బయటికి వెళ్లేది చాలావరకు పేరొక్కటే. అందుచేత ఆ పేరును పెట్టేవారి సౌకర్యం కోసం కాక, ఎక్కడో ఎప్పుడో దాన్ని చూసే అపరిచితుడి కోసం పెట్టాలని నా అభిప్రాయం.

పేర్లు పొట్టిగా ఉండటానికి ఒకప్పుడు బలమైన కారణమే ఉండేది. పాత కంప్యూటర్లను నడిపిన ఎంఎస్ డాస్‌లో పేరుకు ఎనిమిది అక్షరాలు, చుక్క తరువాత మూడు, అంతే. విండోస్ 95తో ఆ కట్టడి పోయినా అలవాటు మిగిలింది. చాలా డిజిటల్ కెమెరాలు ఇచ్చే పేరులో నాలుగంకెల వరుస సంఖ్య తప్ప చెప్పుకోదగ్గదేమీ ఉండదు, అది 9999 దాటితే మళ్లీ మొదటికి వస్తుంది. వాట్సాప్ ఇచ్చే పేరులో ఒక తేదీ ఉంటుంది గానీ, ఫొటో తీసిన తేదీ అదే కావాలని లేదు. ఇలాంటి పేరుతోనే రామప్ప గుడి ఫొటోను వెబ్‌సైట్‌కు ఎక్కిస్తే శోధన యంత్రానికి అందే ఆనవాలు ఒకటి తగ్గుతుంది. బొమ్మ దేని గురించో గ్రహించడానికి ఫైలు పేరు కూడా కొద్దిపాటి సూచన ఇస్తుందని గూగుల్ తన మార్గదర్శకాల్లో చెబుతోంది. కొద్దిపాటి అన్న మాట గమనించాలి. పేరు మార్చగానే సందర్శకులు వెల్లువెత్తుతారని చెప్పేవారిని నమ్మనక్కరలేదు.

తెలుగువారికి ఈ విషయంలో పెద్ద పాఠం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి వంటివారి చొరవతో సాగిన ఆ కృషి వల్ల వేలాది పాత తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి, వాటిలో చాలా భాగం నేడు ఉచిత వెబ్ గ్రంథాలయమైన ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. దొరుకుతున్నాయంటే, ఓపిక ఉన్నవారికి. అక్కడ పుస్తకం గుర్తింపు ఒక సంఖ్య. అది మారకుండా ఉన్నంతకాలం దానితో పేచీ లేదు. చిక్కంతా సంఖ్య వెంట ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన పుస్తకం పేరుతోనే. దీర్ఘాన్ని ఒకరు రెండక్షరాలతో రాశారు, మరొకరు ఒకదానితో సరిపెట్టారు. ‘శతకము’లో మొదటి అక్షరం ఒకచోట ఒకలా, మరోచోట ఇంకోలా ఉంటుంది. పుస్తకం అక్కడే ఉన్నా, వెతికేవాడు అదే తప్పు చేస్తే తప్ప కంటపడదు.

అలాంటప్పుడు తెలుగు లిపిలోనే పేరు పెట్టవచ్చు కదా అన్నది న్యాయమైన ప్రశ్నే. వికీపీడియా బొమ్మల భాండాగారమైన వికీమీడియా కామన్స్ వంటి చోట్ల అది చక్కగా నడుస్తోంది. ఇతరత్రా మాత్రం కొన్ని ఇబ్బందులున్నాయి. అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో ‘తెలుగు’ అన్న మాటకు అచ్చులతో కలిపి ఆరు సంకేతాలు, ఒక్కొక్కదానికి మూడు బైట్లు. లంకెను కాపీ చేసి ఈమెయిల్‌లో అతికిస్తే ఆ ఒక్క మాటే శాతం గుర్తులతో నిండిన 54 అక్షరాల గొలుసుగా మారవచ్చు. అంతకన్నా మాయదారిది పొల్లు తరువాత వచ్చే కంటికి కనబడని విభజన గుర్తు. ‘ఫోన్’ అని ఆ గుర్తుతో రాసిన పేరు, లేకుండా రాసిన పేరు చూడటానికి ఒకటే, కంప్యూటర్‌కు రెండు. అందువల్ల చేతులు మారే పీడీఎఫ్‌లకు, ఫొటోలకు ఇంగ్లిష్ చిన్న అక్షరాలే మేలనిపిస్తుంది. అయితే ఊరి పేరైనా పుస్తకం పేరైనా ఎలా రాయాలో సంస్థ ఒకసారి నిర్ణయించి, అందరూ దానికే కట్టుబడాలి. పెద్ద, చిన్న అక్షరాలు కలిపితే విండోస్‌లో తెరుచుకున్న లంకె లైనక్స్ సర్వర్‌లో తెరుచుకోకపోవచ్చు. మాటల మధ్య ఖాళీకి బదులు అడ్డగీత చాలు. తేదీని 2024-03-15 తీరులో పేరు మొదట రాస్తే ఫైళ్లు వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి.

‘ఫైనల్’, ‘కొత్తది’ అన్న మాటలను పేర్లలోకి రానీయకూడదు, ఎందుకంటే వచ్చే వారం ‘ఫైనల్ 2’ రాక తప్పదు. వెబ్ చిరునామాల్లో ఇలా మారిపోయే సంగతులు ఉండకూడదని వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్ లీ 1998లోనే రాశారు. ఇదంతా చదివి పాత ఫైళ్లన్నిటికీ రాత్రికి రాత్రే కొత్త పేర్లు పెట్టడం అంతకంటే పెద్ద పొరపాటు. ఇతరులు ఇచ్చిన లంకెలు, కోర్టు దాఖలాల్లో ఉటంకించిన చిరునామాలు ఒక్కసారిగా తెగిపోతాయి. పేరు మార్చక తప్పని చోట పాత చిరునామా నుంచి కొత్తదానికి శాశ్వత మళ్లింపు పెట్టాలి, సర్వర్ మార్చినప్పుడు ఆ మళ్లింపుల జాబితాను కూడా వెంట తీసుకెళ్లాలి.