కుక్కపిల్లకు తోడు కావాలా? తోబుట్టువు మాత్రం వద్దు

"ఒక్కదాన్నే తీసుకెళ్తే బెంగ పెట్టుకుంటుంది సార్, రెండూ తీసుకెళ్లండి. ఒకదానికొకటి తోడుంటాయి." కుక్కపిల్లను తెచ్చుకుందామని వెళ్లినవాళ్లలో ఈ మాట విననివాళ్లు తక్కువ. వినగానే మనసు కరిగిపోతుంది. ఒకదాని మీద ఒకటి పడుకుని నిద్రపోతున్న పిల్లల్ని విడదీయడానికి ఎవరికి చేతులొస్తాయి? ఒకటి ఆడది, ఒకటి మగది అయితే ఇంకో మాట కూడా కలుస్తుంది: "రేపు పిల్లలు కావాలంటే బయట జత వెతుక్కునే పని కూడా లేదు."

రెండు మాటలూ ప్రేమగానే ఉంటాయి. రెండూ కుక్క మెడకు చుట్టుకునేవే. కుక్కను తనవాళ్ల మధ్యే కట్టిపడేయడం దానికి మనం చేస్తున్న అన్యాయం. ముందు రక్తంలో, తర్వాత పెంపకంలో.

రక్తం సంగతి చూద్దాం. ప్రతి జన్యువుకూ రెండు కాపీలుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. వంశపారంపర్యంగా వచ్చే జబ్బుల్లో చాలావరకు రెండు కాపీలూ పాడైతేనే బయటపడతాయి. ఒకటి బాగున్నంతకాలం రెండోదాని లోపం లోపలే దాక్కుంటుంది, కుక్క నిక్షేపంగా తిరుగుతుంది. అలాంటి లోపం ఒకటి తల్లికుక్కలో ఉందనుకోండి. ఒక్కో పిల్లకు అది చేరే అవకాశం సగం. ఆ పిల్లల్లోనే అన్నాచెల్లెళ్లకు క్రాసింగ్ చేయిస్తే, పుట్టే ఒక్కో పిల్లకు ఆ జబ్బు వచ్చే అవకాశం 16లో 1. సంబంధం లేని కుక్కతో జత కట్టిస్తే, ఆ కుక్కలోనూ అదే లోపం ఉంటే తప్ప రాదు. ఇది ఒక్క లోపం లెక్క మాత్రమే. పైకి ఏ జబ్బూ లేని కుక్కలో కూడా ఇలాంటివి ఎన్ని దాగున్నాయో బయటి నుంచి చూసి ఎవరూ చెప్పలేరు.

ఈ దగ్గరితనాన్ని అంకెల్లో కొలిచే పద్ధతిని సీవాల్ రైట్ అనే జన్యుశాస్త్రవేత్త 1922లోనే ఇచ్చారు. ఒక జన్యువు రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చినవై ఉండే అవకాశం ఎంతో ఆ అంకె చెబుతుంది. అన్నాచెల్లెళ్ల జతకైనా, తల్లీకొడుకుల జతకైనా పుట్టే పిల్లల్లో అది 25 శాతం. తండ్రి ఒకడై తల్లులు వేరైతే 12.5. అన్నదమ్ముల బిడ్డల స్థాయి చుట్టరికమైతే 6.25. బ్రిటన్‌లో 2008లో వచ్చిన ఒక బీబీసీ డాక్యుమెంటరీ జాతి కుక్కల దుస్థితిని బయటపెట్టి దుమారం రేపింది. ఆ మరుసటి ఏడాదే, జాతి కుక్కల పేర్లు నమోదు చేసే అక్కడి కెన్నెల్ క్లబ్ తల్లీకొడుకులు, తండ్రీకూతుళ్లు, అన్నాచెల్లెళ్ల జతలకు పుట్టిన పిల్లల్ని రిజిస్టర్ చేయడం ఆపేసింది. మంచి నిర్ణయమే. అయితే 2021లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 227 జాతుల డీఎన్ఏ చూస్తే సగటు దాదాపు 25 శాతం తేలింది. అంటే, కొత్తగా అన్నాచెల్లెళ్లను కలపకపోయినా ఇవాళ్టి సగటు జాతి కుక్క అన్నాచెల్లెళ్లకు పుట్టినదానితో సమానం! అలాంటి రెండు తోబుట్టువులను మళ్లీ జత కట్టిస్తే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

ఇంత దూరం ఎలా వచ్చాం? ఒకే ఒక్క మాట వల్ల. ప్యూర్. నన్నడిగితే కుక్కల విషయంలో మనిషి చేసిన తప్పులన్నిటికీ తల్లివేరు ఈ మాటే. కెన్నెల్ క్లబ్ 1873లో పుట్టింది. ఆ తర్వాత జాతుల పుస్తకాలు ఒక్కొక్కటిగా మూసేశారు. పేరు నమోదైనవాటి సంతానానికే లోపల చోటు, బయటి రక్తానికి తలుపులు బంద్. ఆ మూసిన గదిలో ఒక పోటీ గెలిచిన మగకుక్కతో వందల పిల్లల్ని పుట్టిస్తే, రెండు మూడు తరాల్లో ఆ గదిలో చుట్టం కానిదంటూ మిగలదు. లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 2008లో లెక్క వేస్తే బ్రిటన్‌లో ఉన్న పదివేల పగ్ కుక్కల జన్యు వైవిధ్యం మహా అయితే 50 కుక్కలకు సరిపడేంతే ఉంది.

డాల్మేషియన్ కథ వింటే ఈ పిచ్చి ఎంత ముదిరిందో తెలుస్తుంది. తెల్లటి ఒంటి మీద నల్లమచ్చల ఆ అందమైన కుక్కల్లో ఒక లోపం ఉండేది. యూరిక్ ఆమ్లం మూత్రంలో మితిమీరి పోయేది, మూత్రాశయంలో రాళ్లు కట్టేవి. జాతి మొత్తంలో ఆ జన్యువు బాగున్న కుక్క ఒక్కటీ మిగలలేదు. కాబట్టి లోపల ఎన్ని జతలు మార్చినా ప్రయోజనం సున్నా. అమెరికాలో రాబర్ట్ షైబుల్ అనే జన్యుశాస్త్రవేత్త 1973లో ఒక డాల్మేషియన్‌ను పాయింటర్ జాతి కుక్కతో కలిపారు. ఒక్కసారే. ఆ తర్వాత వరసగా డాల్మేషియన్లతోనే జత కట్టించుకుంటూ వెళ్లారు. కొన్ని తరాలకు చూపులో అచ్చమైన డాల్మేషియన్లు వచ్చాయి, బాగున్న ఆ జన్యువూ నిలిచింది. 1981లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ వాటిలో రెండింటిని రిజిస్టర్ చేసింది కూడా. జాతి క్లబ్ సభ్యులు గగ్గోలు పెట్టేసరికి ఆపేసింది. మళ్లీ తలుపు తెరిచింది 2011లో. ముప్పై ఏళ్లు! మందు చేతిలో ఉండి, ఎప్పటిదో ఒక పాయింటర్ రక్తం కలిసిందన్న కారణంతో ముప్పై ఏళ్లపాటు కుక్కల్ని రాళ్ల నొప్పితో మూలగనిచ్చారు. దీన్ని జాతి ప్రేమ అంటే నేను ఒప్పుకోను.

బ్రీడర్ల వాదన నాకు తెలుసు. దగ్గరి రక్తంలో క్రాసింగ్ చేయిస్తేనే రూపం, గుణం స్థిరపడతాయని, ఇప్పుడు జన్యు పరీక్షలున్నాయని, జబ్బున్న వాటిని పక్కన పెడుతున్నామని అంటారు. రూపం స్థిరపడే మాట నిజమే, దానితోపాటు లోపమూ స్థిరపడుతుంది. పరీక్షలు అవసరమే గానీ, అవి పట్టుకునేది మనకు ఇప్పటికే తెలిసిన జన్యువులనే. మొత్తంగా సన్నగిల్లే ఓపికను ఏ ఒక్క పరీక్షా చూపించదు. గోల్డెన్ రిట్రీవర్ల మీద 2019లో వచ్చిన పరిశోధనలో, రక్తంలోని ఈ దగ్గరితనం 10 శాతం ఎక్కువున్న తల్లికి ఈతకు సగటున ఒక పిల్ల తక్కువ పుడుతోందని తేలింది. చూడ్డానికి ఆ తల్లులకు ఏ రోగమూ లేదు.

ఇక పెంపకం. నా స్నేహితుడొకాయన రెండు లాబ్రడార్ పిల్లల్ని ఒకేరోజు ఇంటికి తెచ్చుకున్నారు. అక్కాచెల్లెళ్లు, జూలీ, రోజీ. ఎనిమిది వారాల వయసు. మొదటి ఆర్నెల్లు ఇల్లంతా పండగే. పిల్లలు ఏడవలేదు, చెప్పులు కొరికినా కలిసే కొరికాయి. ఏడో నెలలో జూలీ కాలికి దెబ్బ తగిలి ఒక రాత్రి డాక్టర్ దగ్గర ఉంచాల్సొచ్చింది. ఆ రాత్రి రోజీ తలుపు కింది చెక్కను గీకుతూనే ఉంది. తెల్లారేసరికి ముందుకాళ్ల గోళ్ల దగ్గర రక్తం. గిన్నెలో పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆయన పక్కనే నేలమీద కూర్చుని పేరు పెట్టి పిలుస్తుంటే ఒక్కసారి కూడా తల తిప్పలేదట. "ఆర్నెల్ల నుంచి పెంచుతున్నా, దానికి నేనెవరో తెలియనట్టే ఉంది" అన్నారు నాతో. ఆ మాట ఇంకా నా చెవిలోనే ఉంది.

దీన్ని శిక్షకులు లిటర్‌మేట్ సిండ్రోమ్ అంటారు, లిటర్‌మేట్ అంటే ఒకే ఈతలో పుట్టిన తోబుట్టువు. పశువైద్య శాస్త్రంలో అది అధికారికంగా ఒక జబ్బు పేరు కాదు, అందరికీ రాదు కూడా. కానీ ఎందుకు వస్తుందో అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా కుక్కపిల్ల లోకాన్ని నేర్చుకునే కాలం. మనుషులు, చప్పుళ్లు, వాహనాలు, వేరే కుక్కలు, ఏది మామూలో ఏది భయమో అప్పుడే మనసులో పడుతుంది. అమెరికాలో గత శతాబ్దం మధ్యలో జరిగిన ప్రయోగాల్లో, పద్నాలుగు వారాలదాకా మనిషి స్పర్శ లేకుండా పెరిగిన పిల్లలు తర్వాత మచ్చిక కావడమే గగనమైంది. పక్కన తోబుట్టువు ఉన్న పిల్లకు ఆ అపురూపమైన వారాల్లో మన మొహం చూడాల్సిన అవసరమే తక్కువ. ఆట దానితోనే, ధైర్యం దానితోనే, నిద్ర దాని పక్కనే. బెల్టు వేసి బయటికి తీసుకెళ్లినా అది లోకాన్ని చూడదు, పక్కదాన్నే చూస్తుంది. ఇంత అతుక్కున్నవే ఏడాది, రెండేళ్లు దాటాక ఒకదాని మీద ఒకటి పడి కరుచుకోవడమూ ఉంది. రెండూ ఆడవే అయితే ఆ పోట్లాటలు మరీ మొండిగా ఉంటాయి.

ఆడా మగా అయితే టెన్షన్ ఇంకో రకం. ఆడపిల్ల ఆరు నెలలకే హీట్‌కి, అంటే ఎదకు రావచ్చు, మగది కూడా ఆ వయసుకు సిద్ధం. "అన్నాచెల్లెళ్లే కదా, వాటికి తెలుస్తుంది" అని నమ్మి కూర్చున్నవాళ్లను చూశాను. వాటికి ఆ పట్టింపు లేదు. సుమారు 63 రోజుల తర్వాత పుట్టేది ఆ 25 శాతం పిల్లలే. అందుకే తోబుట్టువులను ఇంటికి తెచ్చుకున్నవాళ్లు మొదటి హీట్ రాకముందే వెటర్నరీ డాక్టర్‌ను కలిసి ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో అడగాలి, అప్పటిదాకా రెండింటినీ వేరు గదుల్లో ఉంచాలి. రెండో కుక్క కావాలనుకుంటే మొదటిది పెద్దదై, మీ మాట వినడం నేర్చుకునేదాకా ఏడాదో ఏడాదిన్నరో ఆగండి. తెచ్చేటప్పుడు తల్లిదండ్రులిద్దరి తాతల పేర్లు అడగండి. రెండువైపులా ఒకే పేరు కనిపిస్తే వెనక్కి వచ్చేయండి, పిల్ల ఎంత ముద్దుగా ఉన్నా సరే.

నా స్నేహితుడు రెండింటినీ వదులుకోలేదు. ఇప్పుడు జూలీని పొద్దున, రోజీని సాయంత్రం నడకకు తీసుకెళ్తున్నారు. గిన్నెలు వేరు, పడక గదులు వేరు, ట్రైనింగ్ వేరువేరు గంటల్లో. మొదటి నెలంతా రెండూ తలుపుకి అటూ ఇటూ పడుకుని మూలిగాయట. మొన్న నేను వెళ్లినప్పుడు రోజీ ఒక్కతే హాల్లోకి వచ్చింది. నా చెయ్యి వాసన చూసింది, కాసేపు నిలబడింది, వెళ్లి ఆయన కాళ్ల దగ్గర పడుకుంది. పక్కగది తలుపు వైపు చూడలేదు.