కెమెరా ఆటలో ముందున్నవాళ్ల వెంటే కదా
తప్పు ఎవరు పట్టుకున్నా తప్పే అన్న మాట వినడానికి బాగుంది కానీ, 2017 ఏఎన్‌ఏ ఇన్‌స్పిరేషన్ అనే మహిళల గోల్ఫ్ టోర్నీలో గోల్ఫర్ లెక్సీ థాంప్సన్‌కి జరిగింది గుర్తొస్తే ఒప్పుకోబుద్ధి కావడం లేదు. శనివారం 17వ గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే పొట్టి గడ్డి) మీద, బంతిని రంధ్రంలోకి నెట్టే అడుగు దూరం పట్‌కి ముందు బంతి ఎత్తి, మళ్లీ పెట్టేటప్పుడు కాస్త పక్కకి పెట్టింది. టీవీలో చూసినవాళ్లెవరో ఈమెయిల్ కొట్టారు. ఆదివారం ఆధిక్యంలో ఆడుతుండగా నాలుగు స్ట్రోకుల పెనాల్టీ, అంటే స్కోరుకి నాలుగు దెబ్బలు అదనం! అందులో రెండు, ఆ తప్పుకి పడాల్సిన పెనాల్టీ కలపని స్కోరుకార్డు మీద సంతకం పెట్టినందుకట. చివరికి స్కోరు సమమై, ప్లేఆఫ్‌లో ఓడిపోయింది. ఎక్కడో వెనకబడి ఆడేవాళ్ల బంతిని ఇలా ఎవరైనా జూమ్ చేసి చూస్తారా? మా కాలనీ షటిల్ పోటీల్లో లైన్ దగ్గర కూర్చునేవాణ్ణి. పాయింట్ అయిపోయాక గోడెక్కిన పిల్లలు "అవుట్ అంకుల్" అని అరిస్తే నేనైతే నా నిర్ణయం మార్చేవాణ్ణి కాదు. గోల్ఫ్‌లో 2018 నుంచి ప్రేక్షకుల ఫిర్యాదులు తీసుకోవడం మానేశారు, నయం.